నాలుగో రకం గ్యాస్

శాంటా క్లారా,
13 మే 1979

కృపావరం పెద్దమ్మకి,

నవోమి వందనాలు. మిషిగన్‌లో సుమతక్క ఇంట్లో నీకు పొద్దుపోవడం లేదని అర్థమైంది. లేకపోతే కాలిఫోర్నియాలో ఉన్న నాకు సంబంధం చూడవు. ఆ ప్రేమానందం గారిని చూడటానికి ఓక్లండ్ తెలుగు ఆరాధనకి వెళ్ళమన్నావు. ఎలా వెళ్ళను? గ్యాస్ వల్ల ఇల్లు కదల్లేకపోతున్నాను. పొద్దున్నే లైన్‌లో పడితే మధ్యాహ్నం దాకా అదే పని. మొన్న ఎవడో పళ్ళ డబ్బాల ఫ్యాక్టరీ వ్యాన్‌వాడు అందర్నీ దాటి దర్జాగా ముందుకెళ్ళాడు. దిగి, "నీ డబ్బా మొహం తగలెయ్య!" అని తెలుగులోనే కడిగేశాను. ఎవరో మీసాల మెక్సికన్. నవ్వి, చెయ్యూపి పోయాడు.

అయినా ఆగస్టులో బర్క్లీలో చేరుతున్నాను. ఇప్పుడు పెళ్ళంటే నా చదువు అటకెక్కినట్టే.

నీ
నవోమి

తా.క.: ఫోటో పెడుతున్నాను. పోయిన వారం శాంటా క్రూజ్ సముద్రం దగ్గర నా కారు పక్కన తీసింది. నల్లబడ్డానా?

*

ఫార్మింగ్టన్ హిల్స్,
17 మే

చిరంజీవి నవోమిని పెద్దమ్మ దీవించి రాయునది,

ఈ వయసులో నీకు గ్యాసేమిటే! ఆ పీజాలు మానమంటే విన్నావా? వాము పంపుతున్నాను. ఉప్పేసి నమిలి వేణ్ణీళ్ళు తాగు. కడుపులో గ్యాస్ పెట్టుకుని డాక్టర్ దగ్గర లైన్‌లో దెబ్బలాడకు, పైకి తంతుంది. ఆరాధనకి మాత్రం వెళ్ళు. వెనక బెంచీలో, కిటికీ పక్కన కూర్చో.

పెద్దమ్మ

తా.క.: నీ గ్యాస్ సంగతి ప్రేమానందానికి చెప్పాను. దాచి పెళ్ళి చేయడం పాపం.

*

శాంటా క్లారా,
23 మే

పెద్దమ్మా,

వందనాలు తర్వాత. కొంప ముంచావు! గ్యాస్ నా కడుపులో కాదు, ఊళ్ళోనే లేదు. ఉంది గానీ ఫ్యాక్టరీలకీ ట్రక్కులకీ అడిగినంత ఇచ్చి, మా దగ్గరికొచ్చేసరికి లెక్కలు చెబుతున్నారు. బేసి నంబరు వాళ్ళకి బేసి తేదీ, సరి నంబరు వాళ్ళకి సరి తేదీ. నాది బేసి. పీచ్ పండు డబ్బాలోకి వెళ్ళడానికి గ్యాస్ ఉంది, మనిషి ఆఫీస్‌కి వెళ్ళడానికి లేదు! ఇదేం న్యాయం?

ఉడుకుతున్న
నవోమి

తా.క.: వాము అందింది. మా రూమ్మేట్ గంజాయి అనుకుని సంబరపడింది.

*

ఫార్మింగ్టన్ హిల్స్,
28 మే

నా బంగారు తల్లికి,

ఉత్తరం చదివి ముద్ద దిగలేదు. ఇంటి నంబరు బేసి అయితే బేసి తేదీల్లోనే పొయ్యి వెలిగించాలా? సరి తేదీల్లో పస్తులా? ఇక్కడ మీట తిప్పితే భగ్గున మండుతోందే! ఎదురింటి వాళ్ళది సరి నంబరే కదా, వాళ్ళతో కలుపుకో. ఓ రోజు మీరు వండండి, ఓ రోజు వాళ్ళు వండుతారు. పొయ్యిలో గ్యాస్ లేకపోతే ఓక్లండ్ వెళ్ళడానికేం? ఆరాధనయ్యాక భోజనాలు కూడా పెడతారట.

నువ్వెలాగూ వెళ్ళవు. అందుకని ప్రేమానందాన్నే క్యారియర్ తీసుకుని రమ్మన్నాను.

పెద్దమ్మ

తా.క.: శనివారం రెండో తేదీన వస్తాడు. సరి తేదీ, నీకు పస్తు రోజేగా.

*

శాంటా క్లారా,
3 జూన్

పెద్దమ్మా,

నిన్న మా గుమ్మం ముందు వ్యాన్ ఆగింది. అదే డబ్బాల వ్యాన్! అదే మీసం!

"నవోమి గారాండీ? ఆ డబ్బా మొహం నాదేనండి," అన్నాడు. అచ్చం ఏలూరు తెలుగు. చచ్చినంత పనైంది.

"ఫ్యాక్టరీలో ఇంజనీర్నండి. ఆ రోజు డ్రైవర్ రాకపోతే నేను తెచ్చాను. లైన్ దాటడం తప్పేనండి, మీరు తిట్టింది న్యాయమే. కడుపులో తగ్గిందా?" అని, నవ్వాపుకోలేక దగ్గాడు. బర్క్లీ సంగతి మొహం మీదే చెప్పేశాను. "చదువుకోండి. పెళ్ళి చేసుకోమని నేనింకా అడగలేదు కదా," అన్నాడు. ఎంత పొగరు!

కోడికూర తనే వండాడట. బాగుంది. నేను దేనికీ ఒప్పుకోలేదని గుర్తు పెట్టుకో. ఈ దేశంలో గ్యాస్ అంటే కారులో పోసే పెట్రోలని నీకు తెలియకపోవడం వల్లే ఇంత జరిగింది.

నవోమి

తా.క.: ఓక్లండ్‌లో ఆరాధన ఎన్నింటికి?

*

ఫార్మింగ్టన్ హిల్స్,
8 జూన్

చిరంజీవి నవోమికి దీవెనలు,

నేనిక్కడికొచ్చి ఆర్నెల్లయిందే. అల్లుడు గ్యాస్ స్టేషన్ లైన్‌లో ఉంటే పక్కన కూర్చుని ఇడ్లీలు పెట్టేది నేనే. కడుపు గ్యాసేదో, పొయ్యి గ్యాసేదో, కారు గ్యాసేదో నాకు తెలీదా? నువ్వు కొట్టింది నాలుగో రకం. అదీ తెలుసు. గ్యాస్ లేని కారు శాంటా క్రూజ్ దాకా ఈదుకుంటూ వెళ్ళిందా?

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే ప్రేమానందం ఫోన్ చేశాడు. "ఆంటీ, మీరు చెప్పిన సంబంధం వద్దండి. గ్యాస్ లైన్‌లో ఒకమ్మాయి నన్ను తెలుగులో తిట్టింది. చేసుకుంటే ఆవిణ్ణే," అన్నాడు. సుమతీ నేనూ పడీ పడీ నవ్వాం. అతనికి నిజం చెప్పాం. నీకు చెబితే ఉన్న గ్యాస్‌తో ఇంకో రాష్ట్రం పారిపోతావని చెప్పలేదు.

ముందు చదువుకో. ఆరాధన పదింటికి.

పెద్దమ్మ

తా.క.: ఫోటోలో నీ కారు నంబరు చూశాను, బేసి. అతని సొంత కారుది సరి అట. మనం జాతకాలు చూడం గానీ, నంబర్లు మాత్రం కలిశాయి.