వద్దనే గొంతు

ప్లెయిన్స్‌బరో

నా బంగారు అక్కకి,

ఫోన్‌లో అయితే నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. కూర్చుని చదువు.

వినీత్‌కి కిడ్నీ ఇవ్వడానికి దొరికిన మనిషిని నేనే. పేరు చెప్పవద్దని హాస్పిటల్ వాళ్లను అడిగింది కూడా నేనే. "షాలేం రాజు పోయాక నీ బిడ్డ దియకి నువ్వు తప్ప ఎవరున్నారే, నీ ఒంటి మీద కత్తి పడనివ్వను" అన్నావు ఒకసారి. నీ కొడుకు డయాలిసిస్ కుర్చీలో వాడిపోతుంటే కూడా ఆ మాట అన్నావు. అందుకే దాచాను. నెలాఖరుకి ఆపరేషన్.

అంతకన్నా లోతున దాచిన సంగతి ఇంకొకటి ఉంది. నా భర్త షాలేం రాజుతో కూడా ఎన్నడూ అనలేదు.

నాకు ఒక గొంతు వినిపిస్తుంది. నరసాపురం రేవులో చిన్నప్పుడు నది దాటించే పంటు ఎక్కబోతుంటే కుడి చెవి వెనక ఎవరో "వద్దు" అన్నారు. ఆడ గొంతు కాదు, మగ గొంతు కాదు. మెడ మీద తడి చెయ్యి వేసినట్టయింది. నేను ఎక్కలేదు. పంటు క్షేమంగా అవతలి ఒడ్డుకు చేరింది, క్షేమంగా తిరిగొచ్చింది. ఎందుకు వద్దందో ఇప్పటికీ తెలియదు. తర్వాత ఒక ఉద్యోగం వద్దంది, ఒక ఇల్లు వద్దంది. ఒక మధ్యాహ్నం అలికిడి విని తలుపు తీయబోతుంటే వద్దంది; అవతల ఎవరో చాలాసేపు నిలబడి, తట్టకుండానే వెళ్లిపోయారు. ఫలానాది చెయ్యి అని మాత్రం అది ఎప్పుడూ అనలేదు.

షాలేం రాజు చివరిసారి ఆఫీస్‌కి బయలుదేరిన ఉదయం నేను టిఫిన్ డబ్బా అందించి "నెమ్మదిగా డ్రైవ్ చేయండి" అన్నాను. ఆ గొంతు మాత్రం నోరు విప్పలేదు. రూట్ వన్ హైవే మీద ఆయన కారును ట్రక్కు గుద్దిన సంగతి నీకు తెలుసు. అప్పటి నుంచి దాని మీద నాకు పగ. అంత తెలిసినది ఆ రోజు ఎందుకు ఊరుకుంది?

పోయిన వారం దియ కాలేజీ నుంచి వచ్చింది. నేను బెండకాయలు తరుగుతుంటే పక్కనే కూర్చుని ఫిలాసఫీ పాఠం చదువుకుంటోంది.

"అమ్మా, ఇది విను. సోక్రటీస్‌కి చిన్నప్పటి నుంచి ఒక వాయిస్ వచ్చేదట. ఏం చెయ్యాలో చెప్పదట. స్టాప్ మాత్రం చేస్తుందట. వియర్డ్ కదా?"

నా చేతిలో కత్తి ఆగిపోయింది. "తర్వాత ఆయనకి ఏమైంది?" అన్నాను.

"కోర్ట్‌లో డెత్ సెంటెన్స్ ఇచ్చారు. పాయిజన్. కానీ ఆ రోజు ఇంట్లోంచి బయలుదేరినప్పుడు కానీ, కోర్ట్‌లో మాట్లాడినప్పుడు కానీ ఆ వాయిస్ ఆపలేదట. సో, చనిపోవడం బ్యాడ్ థింగ్ కాదేమో అనుకున్నాడట."

అక్కా, కిడ్నీ ఇస్తానని ఒప్పుకున్నప్పటి నుంచి చెవి ఒగ్గి వింటూనే ఉన్నాను. అది ఒక్కసారి కూడా వద్దనలేదు. నేను బతుకుతాననా, చావు చెడ్డది కాదనా? ఏదైనా నాకు సమ్మతమే. మా ఆయన పోయిన ఉదయం దాని మౌనానికీ అదే అర్థమైతే నాకు అంతకన్నా ఏం కావాలి? నేను తిరిగి రాకపోతే దియ నీ బిడ్డ.

నీ చెల్లి,
ప్రిస్సిల్లా

షాంటిలీ

చెల్లీ,

నీ ఒక్కదానికే అనుకున్నావా?

నాకూ వినిపించేది. నాన్నకు చెప్పాను. ఊరందరికీ పాస్టర్ దైవాశీర్వాదంగారు, ఆ రోజు నాకూ పాస్టరే అయ్యారు, నాన్న కాలేదు. దయ్యం అన్నారు. ఉపవాసం పెట్టించి, తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. నీకు తెలియనివ్వకూడదని మాట తీసుకున్నారు. అది పోయింది. ఇన్నేళ్లూ మళ్లీ రాలేదు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, నీ దగ్గర దాపరికం లేదు. పక్క గదిలో వినీత్ దగ్గుతున్నాడు. నీకు సరేనని చెబుదామని ఫోన్ అందుకున్నాను. "వద్దు" అంది. కుడి చెవి వెనకే. ఫోన్ పెట్టేసి మళ్లీ తీశాను. వద్దు. బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ హోరులో నీ నంబర్ నొక్కబోయాను. నీళ్ల చప్పుడు మీదుగా వినిపించింది.

నేను వినకపోతే నా కొడుకు బతుకుతాడు. ఆ మధ్యాహ్నమంతా వినకూడదనే కూర్చున్నాను. చివరికి హాస్పిటల్‌కి ఫోన్ చేశాను. గొంతు సంగతి చెబితే నన్నే అడ్మిట్ చేస్తారు. అందుకని అమ్మ, అమ్మమ్మ ఇద్దరూ తలనొప్పి అంటూ కూర్చున్నచోటే పోయారని చెప్పాను. ఆ మాట నువ్వు వాళ్లకు చెప్పలేదట. నీ తల స్కాన్ చేసే దాకా ఆపరేషన్ ఆపుతామన్నారు.

నా మీద కోపం తెచ్చుకో, పరవాలేదు. స్కాన్‌కి మాత్రం వెళ్లు.

లూసీ

ప్లెయిన్స్‌బరో

నా ప్రాణం కాచిన అక్కకి,

మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బి ఉందట. ఆపరేషన్ సమయంలో బీపీ పెరిగి ఉంటే బల్ల మీదే పోయేదాన్నేమోనని డాక్టర్ అన్నారు. నాకు వైద్యం మొదలుపెట్టారు. కిడ్నీ ఇక ఇవ్వకూడదన్నారు. వినీత్ ఫోన్ చేసి "పిన్నీ, నువ్వు ఓకే కదా? నేను వెయిట్ చేస్తాలే" అన్నాడు. ఆ రెండు మాటలకే వాడికి ఆయాసం వచ్చింది.

నేను చచ్చిపోయేదాన్నే, అయినా నా గొంతు నన్ను ఆపలేదు. నా చావు నాకు చెడ్డది కాదనుకుందేమో. నీకు చెడ్డది కాబట్టి నీది నిన్ను ఆపింది. సోక్రటీస్ సరిగ్గానే అనుకుని ఉండవచ్చు. కానీ ఆయన కోర్టుకు బయలుదేరిన ఉదయం ఇంట్లో భార్యాబిడ్డలకు ఏం వినిపించిందో ఎవరూ అడిగినట్టు లేదు.

ఇక అసలు సంగతి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక దియ షూస్ విప్పుతూ "అమ్మా, నా కిడ్నీ సరిపోతుందేమో టెస్ట్ చేయించుకుంటా. వినీత్ నా బ్రదర్ కదా" అంది. నేను కదలకుండా నిలబడి విన్నాను. చెవి వెనక ఏమీ వినిపించలేదు. ఇదివరకటిలా అయితే ఆ మౌనాన్ని నమ్మి సరే తల్లీ అనేదాన్ని. అలా అందామనే నోరు తెరిచాను.

"వద్దు" అని వచ్చింది.

దియ చటుక్కున వెనక్కి తిరిగింది, తన వెనక ఎవరో ఉన్నట్టు. "అమ్మా, ఎవరది?" అంది. నా నోట్లోంచి వచ్చింది నా గొంతు కాదు, అక్కా.

అది నిజంగా ఆ గొంతో, తల్లి భయమో తేల్చుకోలేకపోతున్నాను. భయమే అయితే నీ కొడుకు దారిని నేను మూసేసినట్టే. దియ నా మాట వినేలా లేదు. వచ్చే శనివారం నీ దగ్గరికి డ్రైవ్ చేసుకుని వస్తానంటోంది. నేను ఆపను. టెస్ట్ చేయించుకోనా అని దియ నిన్నూ అడుగుతుంది. జవాబు చెప్పే ముందు ఒక్క క్షణం ఆగి విను. ఏం వినిపిస్తే అది దియకి చెప్పు. ఏమీ వినిపించకపోతే నీ మనసుకు తోచింది చెప్పు.

కన్నకొడుకు ప్రాణం ఎదురుగా ఉన్నా నా కోసం ఫోన్ చేసినదానివి నువ్వు. ఇక ఆ గొంతునూ నమ్మను, దాని మౌనాన్నీ నమ్మను. నిన్ను నమ్మి నా బిడ్డను పంపుతున్నాను.

నీ
ప్రిస్సిల్లా