పెంకుల మీద గ్వారియా

ఓతీలియా,

మార్చి పందొమ్మిదిన గుమ్మడిపాకం కజ్జికాయలు తింటూ నువ్వేమన్నావు? "అక్క పోయాక ఆమె కప్పు మీద పెంచిన గ్వారియా ఆర్కిడ్ మొక్కని ఎండబెట్టి చంపుతున్నావు బావా!" అన్నావు. ఇప్పుడు పెరట్లోకి వెళ్లి ఇంటికప్పు చూడు. పెంకులు కనపడకుండా ఊదారంగు పూలు.

నేను కర్తాగో బస్సుకి వెళ్తున్నాను. సాయంత్రం చర్చి నుంచి దోన్ ఎలాదియో వస్తాడు. శుక్రవారం ఊరేగింపుకి పూలన్నీ కోసి ఇచ్చెయ్యి. మీ అక్క ఏటా ఆయనకి మాటిచ్చేది. ఎండాకాలమంతా జాలిపడి నీళ్లు పోసేది. చివరికి ఉత్త ఆకులు చూపించి సిగ్గుపడేది. దప్పికతో ఉంటేనే పూస్తుందట ఈ మొక్క, నాకూ పూశాకే తెలిసింది. పూలు అక్క ఇచ్చిందనే చెప్పు. నువ్వు మాత్రం జాలిపడి నీళ్లు పొయ్యకు.

పక్కింటి దోన్యా రెఫూహియో "ఏం మందు వేశారు మాస్టారూ?" అని అడిగింది. ఏమీ వెయ్యలేదన్నాను. దాస్తున్నానని అలిగింది. చదువుకున్నవాణ్ణి కదా, నీకూ అదే అనుమానం కావచ్చు. నాకే విద్యా తెలియదు. మీ అక్క నీళ్లడబ్బా ముట్టుకోవడం నా వల్ల కాలేదు, అంతే.

మీ బావ

నా కోసం మేలుకోకు, పడుకో. వచ్చాక తలుపు చప్పుడు కాకుండా నేనే వేసుకుంటాను.