వర్ణిక కూర్చున్న సిస్టమ్

12 మే 2003, సోమవారం

మళ్లీ పోయింది. నాలుగో నంబర్ సిస్టమ్, వర్ణికది. వరద షాట్ రెండొందల ఫ్రేములు రెండర్ అయ్యాక టప్పున ఆగి, దానంతటదే రీస్టార్ట్ అయింది. పొద్దుట్నుంచి ఇది మూడోసారి.

ర్యామ్ తీసి మళ్లీ పెట్టాను. ఫ్యాన్‌లో దుమ్ము ఊదాను. విండోస్ కొత్తగా ఎక్కించాను. ఏం చేయాలో తోచనప్పుడు హార్డ్‌వేర్ వాడు చేసే పనులివి.

బయట ఎండ నలభై మూడు. ఫిల్మ్‌నగర్ గుట్టల్లో రాళ్లు సెగలు కక్కుతున్నాయి. మా గ్రాఫిక్స్ స్టూడియోలో పదకొండు సిస్టమ్‌లకు ఒకటే ఏసీ, దాని మొహం మా ఓనర్ అచ్యుతరామయ్య గారి క్యాబిన్ వైపు. వర్ణిక సీటు పడమటి కిటికీ పక్కన. ఆ సీటు చూపించింది నేనే.

14 మే

వర్ణికను ఏడో నంబర్‌కు మార్చాం. సాయంత్రానికి ఏడు కూడా పోయింది.

సినిమా క్లైమాక్స్‌లో వరదంతా ఈ అమ్మాయి చేతి మీదే ఉంది. అన్నిటికంటే బరువైన షాట్లు. తను ఎక్కడ కూర్చుంటే ఆ బరువూ అక్కడికే వెళ్తుంది. నాకు తెలుసు. మిగతావాళ్లకు కనిపించేది ఇంతే: అమ్మాయి వచ్చి కూర్చుంది, సిస్టమ్ పడిపోయింది.

ఆమెది తణుకు. మధురానగర్‌లో హాస్టల్. చేరి రెండు నెలలైంది. ఇదెలా పనిచేస్తుందండీ అని నన్ను అడిగిన మనిషి స్టూడియో మొత్తంలో ఈమె ఒక్కతే. మిగతావాళ్లు ఎప్పుడవుతుంది అని మాత్రమే అడుగుతారు.

15 మే, మధ్యాహ్నం 3

కొంప మునిగింది. ప్రొడ్యూసర్ మేనేజర్ బసవపున్నయ్య గారు షాట్ చూడ్డానికి వచ్చారు. రెండో నంబర్‌లో ప్లే చేసింది వర్ణిక. వరద డ్యామ్ దాకా వచ్చింది, మానిటర్ నల్లగా అయిపోయింది.

ఈ అమ్మాయి ఎవరండీ, ఎప్పుడు చేరింది అని అడిగారాయన. మార్చిలో అన్నారు మా సార్. సిస్టమ్‌లు ఎప్పట్నుంచి పోతున్నాయి అని ఇంకో ప్రశ్న. ఐరన్ లెగ్గేమో, జాగ్రత్తండీ అని నవ్వుతూ వెళ్లిపోయారు.

నవ్వుతూ అన్నారు కాబట్టే ఆ మాట అంత తేలిగ్గా అంటుకుంది. ఈ గుట్ట మీద క్లాప్ కొట్టడానికి ముహూర్తం, రీలు కడగడానికి ముహూర్తం. సినిమా ఫ్లాపయితే కథ బాగాలేదని మాత్రం ఎవరూ అనరు.

16 మే

ఇవాళ ఏడో నంబర్ ఎస్‌ఎంపీఎస్ విప్పాను. పవర్ సప్లై డబ్బా. అన్నీ చూశాను గానీ ఇన్నాళ్లూ దాన్ని మాత్రం విప్పలేదు. ఎందుకు విప్పలేదో నాకు తెలుసు.

లోపల నాలుగు కండెన్సర్లు. పైభాగం బల్లపరుపుగా ఉండాలి. పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఒకటి పగిలి గోధుమరంగు జిగురు కారింది. కుళ్లిన చేపల వాసన. కరెంటు ఒడుదుడుకులు లేకుండా బోర్డుకు అందించాల్సింది అవే. ఈ చవక రకం వేడికీ బరువుకీ తట్టుకోలేదు. రెండు, నాలుగు కూడా విప్పాను. అదే కథ. పదకొండూ ఒకే లాట్.

కొన్నది నేను. డిసెంబర్‌లో సార్ కంపెనీ రకం తీసుకోమన్నారు. సికింద్రాబాద్ షాపులో ఈ డబ్బా చేత్తో పట్టుకోగానే తేలిగ్గా అనిపించింది. మంచి ఎస్‌ఎంపీఎస్ బరువుంటుంది, డిప్లొమా మొదటి ఏడాది పిల్లాడికి కూడా తెలుసు. అయినా, రెండూ ఒకటే సార్, నేను టెస్ట్ చేశాను అన్నాను. చేయలేదు. నలుగురి ముందు అన్నీ తెలిసినవాడిలా కనపడాలనిపించింది, అంతే.

రేపు చెప్పేస్తాను.

17 మే

చెప్పలేదు. పొద్దున్నే సార్ క్యాబిన్‌కు పిలిచి, ఈ సినిమాకు టైటిల్స్‌లో నీ పేరు వేయిస్తున్నానయ్యా అన్నారు. సిస్టమ్స్: పృథ్వీరాజ్. అమ్మకు చెప్పకుండా ఉండాల్సింది. మా పోరగాని పేరు తెరమీద పడ్తదంట అని సాయంత్రానికల్లా బోరబండలో నల్లా దగ్గర బిందెలు పట్టుకున్న వాళ్లందరికీ చెప్పేసింది.

19 మే

వర్ణిక నా టేబుల్ దగ్గరికి వచ్చింది. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని వచ్చింది. పృథ్వీ గారూ, నిజం చెప్పండి, సిస్టమ్‌లో ఏమైనా ప్రాబ్లమ్ ఉందా అంది.

సిస్టమ్ బాగానే ఉంది అన్నాను.

థాంక్సండీ అని వెళ్లిపోయింది. ఎందుకు థాంక్స్ చెప్పిందో అర్థం కాలేదు. అన్నం సహించలేదు.

22 మే

దిష్టి తీశారు. జంగయ్య మా ఆఫీస్ బాయ్, యాభై ఏళ్లుంటాయి. గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి పదకొండు సిస్టమ్‌ల చుట్టూ తిప్పి గేటు ముందర పగలగొట్టాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను అందరికంటే వెనక నిలబడ్డాను. ఎవరూ నన్ను చూడలేదు. అందరూ వర్ణికనే చూస్తున్నారు.

తర్వాత సార్ ఆమెను పిలిచి కొన్నాళ్లు రెస్ట్ తీసుకోమ్మా అన్నారు. ఆయన తిట్టలేదు, ఆమె ఏడవలేదు. డ్రాయర్‌లోంచి దువ్వెన, నీళ్ల సీసా తీసుకుని వెళ్లిపోయింది.

25 మే, ఆదివారం

పొద్దున ఎనిమిదికే స్టూడియోకు వెళ్లాను. కోఠి నుంచి తెచ్చిన మంచి కండెన్సర్లు నలభై. ఒక్కొక్క డబ్బా విప్పి పాతవి పీకి కొత్తవి సోల్డర్ చేశాను. మధ్యాహ్నానికి వేళ్ల మీద రెండు బొబ్బలు. నాలుగో నంబర్‌కు మాత్రం కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టేసి, పాతది పారేయబుద్ధి కాక అట్టపెట్టెలో దాచాను.

లెక్క ఏమిటంటే, సిస్టమ్‌లు బాగుపడతాయి, సార్ మెత్తబడతారు, వర్ణిక తిరిగి వస్తుంది, నేను ఏమీ చెప్పనక్కర్లేదు. అందరికీ మంచిదే. ఇన్ని రోజుల్లో మొదటిసారి కడుపునిండా తిన్నాను.

29 మే

నాలుగు రోజులుగా ఒక్క సిస్టమ్ ఆగలేదు. వరద షాట్ పూర్తయింది.

జంగయ్య టీ ఇస్తూ, సూసినవా సార్, గా పొల్ల పోయినంక అన్నీ మంచిగైనయ్ అన్నాడు. స్టూడియో అంతా అదే మాట. బసవపున్నయ్య గారు ఫోన్లో, నేను ముందే చెప్పానుగా అన్నారట.

నా చేతులతో నేనే రుజువు చేశాను. ఆమె ఉన్నన్నాళ్లూ ఉబ్బిన కండెన్సర్లు ఉంచి, ఆమె వెళ్లగానే మార్చిన దరిద్రుణ్ణి. ఇంతకంటే చక్కగా ఆమె మీద పగ తీర్చుకోవాలన్నా కుదరదు.

2 జూన్

వర్ణిక జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గరున్న స్టూడియోలో ఇంటర్వ్యూకు వెళ్లిందట. పని చూసి బాగుందన్నారట. ముందు ఎక్కడ చేశావని అడిగాక, ఓ, ఆ అమ్మాయివా నువ్వు అన్నారట. నాకు ఈ సంగతి చెప్పినవాడు నవ్వుతూ చెప్పాడు.

3 జూన్

ఇవాళ చెప్పాను. క్యాబిన్‌లో బసవపున్నయ్య గారు కూడా ఉన్నారు, ఉంటే ఉండనీ అనుకున్నాను. ఉబ్బిన కండెన్సర్లు కవర్‌లోంచి టేబుల్ మీద పోశాను. నేనే కొన్నాను, టెస్ట్ చేశానని అబద్ధం చెప్పాను, ఆ అమ్మాయికి ఏ సంబంధమూ లేదు అన్నాను. నమ్మకం కుదరాలని, దాచిన ఎస్‌ఎంపీఎస్‌ను సార్ సొంత సిస్టమ్‌కే తగిలించాను. ఆన్ చేసి పెద్ద ఫైల్ ఒకటి నడిపాను. పది నిమిషాల్లో దానంతటదే రీస్టార్ట్ అయింది. చూశారా సార్ అన్నాను.

ఇది ఎవరి సిస్టమ్‌లోది అని సార్ అడిగారు. వర్ణికది అన్నాను.

సార్ కుర్చీలోంచి లేచిపోయారు. దాన్ని నా క్యాబిన్‌లోకి ఎందుకు తెచ్చావయ్యా అని అరిచారు. జంగయ్యను కేకేసి దాన్ని బయట పారేయమన్నారు. జంగయ్య ఒట్టి చేత్తో ముట్టుకోలేదు. పాత పేపర్‌లో పట్టుకుని పోయాడు.

నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

టైటిల్స్‌లో పేరు పోయింది. ఉద్యోగమూ పోయింది. ఎందుకు పోయిందిరా అని అమ్మ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. గా పిల్లకు చెప్పినవా మరి అంది.

5 జూన్

మధురానగర్ వెళ్లాను. హాస్టల్ గేటు పక్కన నిలబడి అంతా చెప్పాను. ఆమె అడిగిన రోజు నేను అబద్ధం చెప్పిన సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

అంతా విని, కవర్‌లోంచి ఒక కండెన్సర్ తీసి వేలితో ఉబ్బు తడిమి చూసింది. నేను ఇంటర్‌లో చేరిన ఏడాదే మా కాలేజీ మూతపడింది, దానిక్కూడా ఇవే ఉన్నాయాండీ అంది. నాన్నగారు స్కూటర్ మీద నన్ను బస్టాండ్‌లో దింపి వెళ్తూ పడ్డారు, అది కూడా ఇదేనా అంది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది. ఈ పదిహేను రోజులూ హాస్టల్ మంచం మీద కూర్చుని తన బతుకంతా వెనక్కి తిరగేసుకుంది. ఎక్కడెక్కడ ఏది చెడిపోయిందో అన్నీ ఏరుకుంది.

అవన్నీ వేరు అన్నాను. నా మాటకు ఇంకా ఏం విలువుంది.

11 జూన్

నా క్లాస్‌మేట్ ఓంప్రకాష్ మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సిస్టమ్ అడ్మిన్. కాళ్లా వేళ్లా పడి వర్ణిక రెజ్యూమె ఇప్పించాను. టెస్టింగ్‌లో తీసుకున్నారు. మా కాడ గియన్నీ ఎవరు పట్టించుకోరు భై, ఫికర్ చెయ్యకు అన్నాడు. సోమవారం జాయినింగ్.

నాకింకా ఎక్కడా దొరకలేదు. వెంగళరావు నగర్‌లో ఒక నెట్ సెంటర్‌లో ఫ్యాన్లు తుడుస్తున్నాను.

16 జూన్, ఉదయం 11:40

వర్ణిక కాయిన్ బాక్స్ నుంచి ఫోన్ చేసింది. పదిన్నరకు ఆఫీసులో సర్వర్ డౌన్ అయిందట. ఎవరూ తనను ఏమీ అనలేదట. తనే బ్యాగ్ తీసుకుని మెట్లు దిగి, రోడ్డు దాటి ఇవతల నిలబడిందట. సర్వర్ ఇప్పుడు వచ్చిందేమో కనుక్కోండి, మళ్లీ చేస్తాను అంది.

ఓంప్రకాష్‌కు చేశాను. వచ్చిందిరా, అయిదు నిమిషాలాయె అన్నాడు.

ఇంకా రాలేదు, మీరు పైకి వెళ్లి కూర్చోండి, మీరు వెళ్లేసరికి వస్తుంది అని చెప్పాను.