నా సున్నా వెనక్కి తీసుకోండి

కర్మాగారాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,
రేకుల ప్రెస్ సెక్షన్‌లో పనిచేయుచు ప్రస్తుతం వైద్య సెలవులో ఉన్న కార్మికుడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నాకు ప్రదానం చేసిన "మత్తురహిత ఆదర్శ కార్మికుడు" పత్రమును రద్దు చేయుట గురించి, మరియు మా బావ ప్రమాదంపై తమరు వ్రాసిన నివేదికలో ఒక్క వాక్యమును గురువారం లోపల కొట్టివేయుట గురించి.

సూచిక: తమరు నా భుజం తట్టిన రోజు.

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా, ఆ వాక్యం ఇది: "సదరు కార్మికుడు మద్యం మత్తులో ఉండి, స్వీయ నిర్లక్ష్యం వలన తన కుడి చేతిని తానే పోగొట్టుకొనెను."

సదరు కార్మికుడు మా అక్క మొగుడు. పనిముట్ల గది కిటికీ దగ్గర కూర్చుని స్పానర్లు ఇచ్చి పుచ్చుకునే పనికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ ఫ్యాక్టరీలో ఒంటిచేత్తో చేయగలిగింది అదొక్కటే. తమరు సరేనంటేనే ఇస్తానని మేనేజరు అన్నాడు కాబట్టి గురువారం ఆ కాగితం తమ బల్ల మీదికి వస్తుంది. దాని వెనక ఈ వాక్యం పిన్ను కొట్టి ఉంటుంది. తమరు వాక్యం చదువుతారు, కాగితం పక్కకి తోస్తారు. ఆ వాక్యం అబద్ధం. సగం నిజం కలిసింది కాబట్టి ఇంకా గట్టి అబద్ధం.

నేను బడికి వెళ్ళింది తక్కువ. ఈ భాష గేటు నోటీసు బోర్డు ముందు నిలబడి నేర్చుకున్నాను. అందులో కోపానికి మాటలు లేవు. అందుకని అక్కడక్కడ మామూలుగా రాస్తాను.

1. ఊదుడు మిషన్ గురించి.

షిఫ్టు మొదలయ్యే ముందు వాచ్‌మన్ ఊదుడు మిషన్ పట్టుకుని మా బట్టలు మార్చుకునే గదికి వస్తాడు. ఒక్కొక్కరూ గొట్టంలో ఊదాలి. సున్నా వస్తే లోపలికి, అంకె వస్తే ఇంటికి. రూలు అది. మేం ఎనిమిది మందిమి. తాగనిది నేనొక్కణ్ణే. అందుకే నా పేరు మంచినీళ్ళు.

"రారా మంచినీళ్ళూ, కానియ్" అనేవాడు వాచ్‌మన్. నేను వరసగా ఎనిమిదిసార్లు ఊదేవాణ్ణి. ఆయన ఎనిమిది పేర్ల పక్కన ఎనిమిది సున్నాలు చుట్టేవాడు. "ఒరేయ్, నీ ఊపిరితిత్తులు మా ఉమ్మడి ఆస్తిరా, జలుబు తెచ్చుకోకు" అనేవాడు ప్రెస్‌కి అచ్చులు బిగించే డై ఫిట్టరు. అందరూ నవ్వేవారు. నేను అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి. మూడేళ్ళు అలా జరిగింది.

అక్క రోజూ అడిగేది, "మీ బావ తాగకుండానే పనిలోకి దిగాడు కదరా?" అని. "సున్నా వచ్చిందక్కా" అనేవాణ్ణి. వచ్చింది నా సున్నా.

2. మాత్రల గురించి.

వరసగా డబుల్ డ్యూటీలు పడి నా నడుం పట్టేసినప్పుడు సూపర్‌వైజరు సొరుగులోంచి ఒక మాత్రల అట్ట తీసి ఇచ్చాడు. "నొప్పికి. ఒకటేస్తే గుర్రంలా నిలబడతావ్" అన్నాడు. నిలబడ్డాను. రెండు నెలలకి ఆ గుర్రం నిద్ర లేవాలన్నా మాత్ర కావాల్సి వచ్చింది.

తాగుబోతంటే ఎవరండీ? వాసన వచ్చేవాడు, తూలేవాడు, గోడ పట్టుకుని ఇల్లు చేరేవాడు. అంటే బావ. నేను కాదు. నేను మాత్ర వేసుకునేవాణ్ణి. మాత్ర వేసుకునేవాణ్ణి లోకం జాలిగా చూస్తుంది.

మాత్ర లేని పూట ముక్కు కారేది, ఆవలింతలు ఆగేవి కావు, ఎముకల్లో చీమలు పాకేవి. మిషన్ తుడిచే నూనె గుడ్డల డబ్బాలో అట్టలు దాచేవాణ్ణి, దిండు కుట్లు విప్పి అందులో దాచేవాణ్ణి. మూడు మందుల షాపులు వంతులవారీగా తిరిగేవాణ్ణి. ఒకాయన "చీటీ లేకుండా ఇక ఇవ్వను బాబూ" అన్నాడు. బల్ల మీదుగా కాలరు పట్టుకుని లాగాను. ఆయన కళ్ళజోడు నా గుప్పెట్లో విరిగింది. అదే రోజు ఇంటికొచ్చి, "తాగినోణ్ణి నమ్మి కాపురం ఎలా చేస్తావక్కా" అని నీతులు చెప్పాను. నా మాటల్లో కంపు లేదు కాబట్టి అక్క తల ఊపింది.

3. ప్రమాదం గురించి (ఇప్పటికి చెప్పగలిగినంత వరకు).

ఉదయం పదకొండు గంటలు. ప్రెస్ దిగాలంటే రెండు చేతులతో రెండు బటన్లు నొక్కాలి, చేతులు బయట ఉంటాయని. అలా చేస్తే సరుకు లేటవుతుంది. కాబట్టి బటన్లు పీకించి కాలి పెడల్ పెట్టించారు. ఒకడు రేకు తోస్తాడు, ఇంకొకడు పెడల్ తొక్కుతాడు. తోసేవాడు చెయ్యి లాక్కుని మోచెయ్యి ఎత్తాలి. మోచెయ్యి లేస్తేనే కాలు దిగాలి. ఇది మాలో మాకున్న కట్టుబాటు, ఏ కాగితంలోనూ లేదు. తమరు తనిఖీకి వచ్చిన రోజున పెడల్ మీద గోనెసంచి కప్పారు.

తోసేవాడు బావ. తొక్కేవాణ్ణి నేను.

రేకు తెగితే ఠంగుమంటుంది. ఆ రోజు ఠంగుమనలేదు. తడి గుడ్డ చింపినట్టయింది. డై ఫిట్టరు పరిగెత్తుకొచ్చి కింద నుంచి గ్లౌజు తీశాడు. గ్లౌజు ఖాళీగా లేదు. అతను దాన్ని పట్టుకుని అలాగే కూలబడ్డాడు. బావ అరవలేదు. మణికట్టు నుంచి రక్తం నా చొక్కా మీదికి కొడుతుంటే నా మొహంలోకి చూశాడు.

ఆస్పత్రిలో బావ రక్తం పరీక్ష చేస్తే సారా ఉందని తేలింది. ఉంది, నిజమే. ఆ పొద్దున ఆయన పేరు పక్కన సున్నా ఎలా వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు. తమరు మేనేజరు గదిలో కూర్చుని నన్ను అడిగారు, "నువ్వు తాగుతావా?" "తాగనండీ." "ఊదు." ఊదాను. సున్నా. తమరు లేచి నిలబడి నా భుజం తట్టారు. "ఇలాంటివాడు సెక్షన్‌కొకడుంటే చాలు" అన్నారు. అప్పుడు నా కడుపులో మూడు మాత్రలున్నాయి.

4. ఈ నంబరు చివర రాస్తాను. ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

5. మా అక్క పన్ను గురించి.

ఆస్పత్రి మంచం మీద మొదటి వారం బావ తెగిన చేతి నొప్పి కంటే తాగుడు లేక ఎక్కువ అరిచాడు. తర్వాత మానేశాడు. మధ్యలో ఒకసారి జారాడు, మళ్ళీ లేచాడు. ఇంట్లో కూర్చుని ఎడమ చేత్తో అఆలు దిద్దేవాడు. నేను ఆదర్శ కార్మికుణ్ణి, పనికి వెళ్ళొచ్చేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం అక్క దిండు ఉతకడానికి విప్పింది. అట్టలు దొరికాయి. అన్నీ విప్పి మోరీలో పోసింది. నేను వచ్చేసరికి నీళ్ళు కొడుతోంది.

కొట్టాను. పిడికిలితో, మూతి మీద. నన్ను ఎత్తుకుని పెంచిన అక్కని. పన్నొకటి గచ్చు మీద పడింది. నేను ఆ పన్ను దాటుకుని వెళ్ళి మోరీ జాలీ గోళ్ళతో పీకడం మొదలుపెట్టాను, అడుగున ఒక్క మాత్రైనా కరక్కుండా ఉంటుందేమోనని. గోరు ఊడింది. అక్క ఏడవలేదు. "ఒరేయ్... ఏమైందిరా నీకు?" అంది, నోట్లోంచి రక్తం కారుతుంటే.

బావ వెనక నుంచి వచ్చి చెయ్యి లేని మొండితో నా చెవి మీద కొట్టాడు. పడ్డాను. గుండెల మీద కూర్చున్నాడు.

"ఏం తాగావురా?"

"నేను తాగను! నేను నీలాంటోణ్ణి కాదు!"

"అవున్రా, నువ్వు తాగవు. నువ్వు మంచినీళ్ళు. చెయ్యి చూపించు."

ఎడమ చేత్తో నా మణికట్టు పట్టి నా కళ్ళ ముందు పెట్టాడు. వేళ్ళు గాలికి ఆకుల్లా ఆడుతున్నాయి.

"ఈ వణుకు నాకు తెలుసురా. పన్నెండేళ్ళు నా చేతికి ఉండేది. చేత్తో పాటే పోయిందనుకున్నా. నీ దగ్గరికొచ్చి కూర్చుందా?"

నేను ఆయన మొండిని కొరికాను. ఆయన లేవలేదు. నేను అలిసేదాకా అలాగే కూర్చున్నాడు. ఊదుడు మిషన్ ఇన్నాళ్ళూ పట్టుకోలేనిదాన్ని ఒక తాగుబోతు అర నిమిషంలో పట్టుకున్నాడు. ఇది తమ రికార్డులో ఎక్కించవలసిందిగా కోరుతున్నాను.

6. ఆస్పత్రి ఫారం గురించి.

మత్తు మాన్పించే వార్డుకి బావ నన్ను మెడ పట్టుకుని తీసుకెళ్ళాడు. కిటికీ దగ్గర గుమాస్తా ఫారం తీశాడు.

"ఏం తాగుతావ్?"

"తాగను."

"మరెందుకొచ్చావ్, పెళ్ళి చూపులకా?" అని మిషన్ ఇచ్చాడు. ఊదాను. సున్నా. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఫ్యాక్టరీ గేటు బోర్డు మీద ఫొటో ఉన్నోడివి కదూ!" అన్నాడు. "సున్నా వస్తే చేర్చుకోవడానికి లేదు తమ్ముడూ."

కిటికీ అద్దం తలతో పగలగొట్టాను. నుదుటి మీద ఏడు కుట్లు. అలా చేరాను. అంతకు మించిన దారి ఆ ఫారంలో లేదు.

కుట్లు వేసింది పెద్ద నర్సమ్మ. "అద్దం మీ తాత కట్టించాడా? కదలకు" అంది. కుడుతూనే అడిగింది.

"మొదటి మాత్ర ఎందుకేసుకున్నావ్?"

"నొప్పికి."

"రెండోది?"

"నొప్పి రాకుండా."

"మూడోది?"

మొహం పక్కకి తిప్పబోయాను. గడ్డం పట్టి మళ్ళీ తన వైపు తిప్పుకుంది.

"మూడోదానికి సాకు వెతుక్కున్నావు చూడు, ఆ రోజు రావాల్సింది ఇక్కడికి. సర్లే, ఇప్పుడైనా వచ్చావ్."

పందొమ్మిది రోజులున్నాను. మంచానికి కట్టమని నేనే అడిగాను, కట్టినందుకు వార్డు బాయ్ భుజం కొరికాను. వాంతులు, విరేచనాలు, చలి, తిట్లు. డాక్టరు ఇది జబ్బన్నాడు. జబ్బయితే గేటు దగ్గర దొంగల్ని వెతికినట్టు వెతకడమెందుకని అడిగాను. నవ్వలేదాయన. "ఆ ప్రశ్న నన్ను కాదు, మిషన్ పెట్టినవాళ్ళని అడుగు" అన్నాడు. అడుగుతున్నాను.

7. బోర్డు అద్దం గురించి.

ఆస్పత్రి నుంచి వచ్చాక రెంచి పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాను, సూపర్‌వైజరు మోకాళ్ళు విరగ్గొడదామని. బావ గేటు దాకా వెంటబడి వచ్చాడు. "కొట్టు. తృప్తిగా కొట్టు. కొట్టాక చేతులు వణుకుతాయి. అప్పుడేం వేసుకుంటావో అది కూడా ఇప్పుడే కొనుక్కో" అన్నాడు. రెంచి ఊరికే దింపలేక నా ఫొటో ఉన్న బోర్డు మీద వేశాను. వాచ్‌మన్ "గుర్తు తెలియని దుండగులు" అని రాసుకున్నాడట. దుండగుడు ఒక్కడే. గుర్తు తెలిసినవాడే, బోర్డులో ఫొటో ఉంది.

4. పైన వదిలేసిన నంబరు.

బావ మోచెయ్యి లేవలేదు.

బావ తాగి ఉన్నాడు. కానీ ఆయన చెయ్యి ఎప్పటిలాగే లోపల రేకు సర్దుతోంది. సర్దడానికే లోపల ఉంటుంది చెయ్యి. పెడల్ దగ్గర నేను నిలబడే నిద్రపోయాను. మూడో మాత్ర మత్తు కమ్మింది. తల వాలింది, మోకాలు వదిలేసింది, నా బరువంతా పెడల్ మీద పడింది. కళ్ళు తెరిచేసరికి ఆ శబ్దం. చెయ్యి పోగొట్టుకున్నది సదరు కార్మికుడు కాదు. తీసినది నేను. నా సున్నా చూసి ఎవరూ నా కాలి వైపు చూడలేదు.

కావున కోరేది: ఆ వాక్యంలో "స్వీయ నిర్లక్ష్యం" కొట్టేసి నా నిర్లక్ష్యం అని రాయండి. గురువారం బావకి ఆ పనిముట్ల గది కిటికీ ఇవ్వండి. నా ఉద్యోగం తీసేస్తారో, పోలీసులకి చెబుతారో తమ ఇష్టం. పెడల్ పీకించి బటన్లు పెట్టించండి, గోనెసంచి ఎత్తి చూడండి. సూపర్‌వైజరు సొరుగు తెరవండి. నేను ఊదిపెట్టిన మిగతా ఆరుగురి పేర్లు మాత్రం అడక్కండి, చంపినా చెప్పను. వాళ్ళని గెంటేయడానికి కాకుండా ఆ నర్సమ్మ దగ్గరికి పంపడానికైతే నేనే ఒక్కొక్కణ్ణి మెడ పట్టి తీసుకొస్తాను.

ఇక్కడ "చిత్తగించవలెను" అని రాయాలట. చిత్తం తర్వాత సంగతి, ముందు చివరిదాకా చదవండి, చాలు.

ఇట్లు,
తమ విధేయుడు కానివాడు, తమ పత్రం పొందినవాడు,
మంచినీళ్ళు

జతపరచినవి: పత్రము ఒకటి (నేనే చింపాను, ముక్కలన్నీ ఉన్నాయి).

తాజా కలం: ఇది రాశాక బావకి చదవమని ఇచ్చాను. నాలుగో నంబరు దగ్గర ఆగాడు. "తెలుసురా. ఆ రోజే నీ మొహం చూశా" అన్నాడు. మరెందుకు చెప్పలేదంటే, "నేనూ తాగే ఉన్నా. నీ మీద ఏ నోటితో చెప్పను?" అన్నాడు. తర్వాత ఎడమ చేత్తో చెంప మీద ఒక్కటిచ్చాడు, పెదవి చిట్లింది. "ఇది చేతికి కాదు. ఇన్ని నెలలు దాచినందుకు." కింద సాక్షి సంతకం ఆయనదే. వంకరగా ఉంది కానీ వణకలేదు, చూడండి. కాగితం మీద మరక నా పెదవిది.

మాత్ర లేకుండా నాకిది నలభై మూడో రోజు. గురువారం బావతో పాటు నేనూ వస్తాను. నన్ను ఊదమనకండి. రక్తం తీయండి.