సిస్టర్ గారి వెన్న

మట్టెవాడ, సోమవారం

ప్రియమైన అమ్మమ్మకు ఏంజెల్ వందనాలు.

ఈ పొద్దున పాలగిన్నె అంచున ఆరిన మీగడ పల్చటి కాగితంలా ఊడి వచ్చింది. నువ్వు గుర్తొచ్చావు. ఫోన్‌లో నా గొంతు నీకు వినపడదు కాబట్టి రాస్తున్నాను.

స్కూల్లోనూ అదే కష్టం. నా మాట వెనక వరుసకు చేరడం లేదని మా హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ అన్నారు. శుక్రవారం నా క్లాసు చూసి, జూన్ నుంచి నన్ను ఉంచాలో వద్దో చెబుతారు. ఆ రోజు ఒకటో తరగతి పిల్లలతో వెన్న తీయిస్తాను. ఆటో సాల్మన్‌తో మీగడ పెరుగు పంపుతావా?

నీ ఏంజెల్


బిడ్డ ఏంజెల్‌కు అమ్మమ్మ కృపమ్మ దీవించి రాయునది.

పెరుగు పంపిన. కానీ మనసుకు పడ్తలేదు. నిన్ను బీఎడ్ దాకా చదివిచ్చింది సిస్టర్‌కు వెన్న తీసిపెట్టనీకా? అదీ పసిపోరగాండ్లతోనా? మా అమ్మ దొర గడీల దినాం చల్ల చిలికింది. వేలుకంటిన వెన్న గూడ నాకనియ్యలే. ఆ వెట్టి మళ్ల మట్టెవాడల మోపైందా?

ఇట్లు, అమ్మమ్మ

తా.క.: గిన్నె వాపస్ పంపు. ఖాళీగ పంపకు, ఆ సిస్టర్ పేరు రాసి పంపు.


అమ్మమ్మకు వందనాలు.

ఇది వెట్టి కాదు, పాఠం. పిల్లలు సీసాలో పెరుగు పోసి ఊపుతారు. వెన్న తేలుతుంది. అదెలా జరిగిందో చెబుతాను. సిస్టర్‌కు వెన్నతో పని లేదు. నువ్వు మాత్రం రావద్దు. గొడవైతే నా ఉద్యోగం ఉండదు.

నీ ఏంజెల్

తా.క.: సీసాలు, బ్రెడ్డు పిల్లలే ఇంటి నుంచి తెచ్చుకుంటారు. స్కూలుకు ఏ భారమూ లేదు.


బిడ్డా, దేవుడు నిన్ను సల్లగ చూడాలె.

సీసలు పోరగాండ్లయే, బ్రెడ్డు వాళ్లదే, రెక్కలు వాళ్లయే, పెరుగు నాది. ఇగ బడిదేమున్నది? దొరే నయం, కుండన్న ఆయనదే ఉండె. శుక్రారం పొద్దుగాల బస్సుకు వస్తాన.

అమ్మమ్మ

తా.క.: కట్టె తేవద్దని మీ మామ అన్నడు. తెస్తలేను, ఫికర్ జెయ్యకు. గొడుగు తెస్తాన.


మట్టెవాడ, శనివారం

అమ్మమ్మా, నీకు నిండు మనసుతో వందనాలు.

నిన్న నువ్వు క్లాసులోకి వచ్చి "వెన్న ఎవలికి?" అని అడిగినప్పుడు నీ గొడుగు సిస్టర్ ముక్కు దాకా వెళ్లింది. అది చూస్తూ రాకేష్ మూత తీసిన సీసా ఊపాడు. గోడ తెల్లబడింది. పిల్లలంతా లేచారు.

అప్పుడు నాలోంచి ఎవరిదో గొంతు వచ్చింది. "అందరూ కూర్చోండి." పిల్లలు కూర్చున్నారు. నువ్వు కూర్చున్నావు. సిస్టర్ కూడా కూర్చున్నారు.

తర్వాత మీరిద్దరూ ఒకే సీసా మార్చి మార్చి ఊపారు. "జర గట్టిగ ఊపు బిడ్డా, అన్నం తినలేదా?" అని నువ్వు ఆమెను అనడం విన్నాను. మొదటి వెన్న బ్రెడ్డు మీద రాసి నీకిస్తే తిన్నావు, వేలు కూడా నాకావు.

జూన్ నుంచి కూడా నేనే ఉంటానని సిస్టర్ చెప్పారు. రావద్దంటే వచ్చినందుకు నీకు చాలా రుణపడ్డాను.

నీ ఏంజెల్

తా.క.: సిస్టర్ కూర్చున్నది పిల్లల కుర్చీ. కూర్చోగానే విరిగింది. అయినా నేను లేవమనేదాకా ఆమె లేవలేదు.