ఏడో రోజు గుడ్లు

న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
జూన్ 11

ప్రియమైన తబితకు,

నీ సమూయేలు వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేను, నీ పెట్ట, ఇద్దరం క్షేమం. అత్తమ్మ తుంటి నొప్పి తగ్గిందనీ, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసిందనీ విన్నాక ప్రాణం కుదుటపడింది. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని తిట్టకు. నువ్వు ఫోన్ స్పీకర్లో పెడతావు, అత్తమ్మ అంతా వింటుంది. ఇది నువ్వొక్కదానివే చదవాలి.

నువ్వడిగినవాటికి జవాబులు. వండుకుంటున్నాను. గోల్‌బజార్ నుంచి చేపలు తెచ్చి మాడ్చాను, అయినా తిన్నాను. పొదుగుతున్న పెట్టకు నూకలూ నీళ్లూ గంప పక్కనే పెడుతున్నాను. చెయ్యి చాపితే చాలు పొడుస్తోంది, అచ్చం నీ పోలికే.

ఇక గుడ్లు. ఏడో రోజున చీకట్లో లైటు పెట్టి చూడమన్నావు. నాకు ఐదో రోజు నుంచే కాలు నిలవలేదు, గంప చుట్టూ తిరగడమే పని. నిన్నటికి ఏడో రోజు. మధ్యాహ్నం స్నానాలగది తలుపేసుకుని, ఫోన్ టార్చి మీద ఒక్కో గుడ్డూ ఆనించి చూశాను. లోపల ఎర్రటి నరాలుంటే పిల్ల పెరుగుతున్నట్టు, లేకపోతే వట్టి గుడ్డు అన్నావు కదా. పన్నెండింటిలోనూ పసుపు వెలుగు తప్ప ఏమీ లేదు. నీ పుంజును నానా తిట్లూ తిట్టి, అన్నీ బకెట్లో వేసుకుని వెనక కాలువ దగ్గరకు పోయి ఒకటి విసిరేశాను.

పక్క క్వార్టరు సూసన్న పరుగెత్తుకొచ్చింది.

"ఆగన్నియ్యా! ఏటి సేస్తున్నావు?"

బకెట్ లాక్కుని వాళ్ల వంటగదిలోకి తీసుకుపోయి, తలుపు మూసి, ఒక గుడ్డు కింద టార్చి పెట్టింది.

"సూడు, నరాలెలా పాకినాయో! నల్లసుక్క కదుల్తంది. కనబడ్తందా?"

"అవునవును, కనబడుతోంది" అన్నాను.

నాకేమీ కనబడలేదు తబితా. అదే పసుపు వెలుగు.

పదకొండింటిలో తొమ్మిది బతికున్నాయి. సూసన్నే వాటిని మళ్లీ పెట్ట కింద సర్దింది. నేను కాలువ గట్టుకు వెళ్లి, విసిరింది అక్కడే పగిలి పడుంటే చేతిలోకి తీసుకుని ముఖం దాకా తెచ్చుకున్నాను. అప్పుడు కనబడింది. ఆవగింజంత ఎర్రటి గుండె, ఇంకా కొట్టుకుంటోంది. 

ఇన్నాళ్లూ నీకు చెప్పకుండా దాచినది ఇదే. చూడకుండానే అవుననడం నాకు అలవాటైపోయింది. బండి నడిపేటప్పుడు ఇంజిన్లోంచి సిగ్నల్ కనబడగానే నేనూ, అసిస్టెంటు శామూ దాని రంగు పైకి అరిచి చెప్పుకోవాలి. ఇరవై ఎనిమిదేళ్ల పాటు నా గొంతే ముందు లేచేది. ఇప్పుడు శామ్ "గ్రీన్" అనేదాకా ఆగి, నేనూ "గ్రీన్" అంటున్నాను. పాపం, తన దాదాకు, పెద్దన్నలాంటి నాకు, ఓపిక తగ్గిందనుకుంటున్నాడు వాడు. వాడికి ఒక్కసారి కునుకు పడితే? ఎదర ఏ పాసింజరో నిలబడి ఉంటే? వెనక నా గూడ్సుకు యాభై ఎనిమిది బోగీలు. నిన్నటి నుంచి కూర్చోలేకపోతున్నాను, పడుకోలేకపోతున్నాను.

ఆగస్టులో రైల్వే మెడికల్ పరీక్ష ఉంది, కళ్లు కూడా చూస్తారు, అందాకా లాగేద్దామనుకున్నాను. బండి దించి ఫైళ్లు మోయిస్తారని సిగ్గు. నీకు చెబితే ఆ పూటే ఆపేస్తావని భయం. ఛీ, ఎంత సిగ్గుమాలినవాణ్ణి!

ఈ సాయంత్రం నాలుగింటికి బండెక్కాలి. ఇందాక డ్యూటీలు వేసే లాబీకి ఫోన్ చేసి, రానన్నాను.

"కీ హోలో, సమూయేల్ దా?" అన్నాడు డ్యూటీలో ఉన్న బెంగాలీబాబు, ఏమైందని.

"కళ్లు కనబడ్డం లేదు" అన్నాను హిందీలో.

 ఎప్పటినుంచి అని అడిగాడు. అది ఫోన్లో చెప్పలేనన్నాను. అయితే అది కాగితం మీద రాసి తీసుకురమ్మన్నాడు.

ఆ కాగితం ఇంకా రాయలేదు. ముందు నీకు చెప్పాలి. ఈస్టరుకు ముందు నుంచి, తబితా.

ఇట్లు,
నీ మొగుడు,
సమూయేలు