మూడు చుట్ల ముడి

జనవరి 1, ఉదయం ఆరున్నర

ఈ ఏడాది తీర్మానం ఒక్కటే. వదిన మనసు నొచ్చుకునే మాట నా నోట రాకూడదు.

నిజానికి అందరితోనూ దయగా ఉండాలని పది రాద్దామనుకున్నాను. ఈయన భుజం మీంచి తొంగిచూసి, అంత పెద్ద లిస్టయితే మధ్యాహ్నానికే చాప చుట్టేస్తావన్నారు. అందుకని ఒక్కదానికి తగ్గించాను. వదిన ఈయనకి అక్క. నాకు సూది పట్టడం నేర్పింది ఆవిడే. ఇరవై రెండేళ్లుగా ఇద్దరిదీ ఒకే షాపు. రెండు మిషన్లు, ఒక బల్ల, ఒక నిలువుటద్దం. పొడుగైన బట్టలు పొట్టి చేస్తాం, బిగుతైనవి వదులు చేస్తాం.

పోయిన వారం యూనిఫాం సరిచేయించుకోవడానికొచ్చిన ఆస్పత్రి నర్సమ్మ ఎదురుగానే, ఏంటి వదినా ఈ అంచు, పాము పాకినట్టుంది అనేశాను. ఆ రోజు ఆవిడ లంచ్ బాక్స్ మూత తియ్యలేదు. నా నోటికి జిప్పు కుట్టాలి.

జనవరి 2

సాయంత్రం దాకా నోరు కాపాడుకున్నాను. ఆరింటికి బటన్లు సప్లై చేసే అతని మీద పడ్డాను. అది లెక్కలోకి రాదు.

జనవరి 6

నర్సమ్మ యూనిఫాం. అంచు మళ్లీ వంకర. ఒక్క మాట అనలేదు. నాలుగింటికి వదిన ఇంటికి వెళ్లగానే మొత్తం విప్పి నేనే కుట్టాను. ఆవిడకి తెలియదు, నర్సమ్మకీ తెలియదు. మంచితనం ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో మొదలుపెట్టేదాన్ని.

వదిన ఈమధ్య సూదులకి ఇంటి దగ్గరే దారం ఎక్కించుకుని తెస్తోంది, పిన్‌కుషన్ నిండా. టైం కలిసొస్తుందట.

జనవరి 11

ఇవాళ మూడు విప్పి కుట్టాను.

జనవరి 17

వదిన మంచి హుషారు మీదుంది. కూనిరాగాలు కూడా. మీ చెయ్యి మళ్లీ గాడిలో పడిందండీ అని నర్సమ్మ దారిలో ఆపి మరీ మెచ్చుకుందట. ఆ ముక్క నాకు మూడుసార్లు చెప్పింది. నాకూ కడుపు నిండినట్టయింది.

తర్వాత బటన్లు ఏరుతూ మామూలుగా ఇంకో సంగతి చెప్పింది. ఎందుకో భయమేసి డిసెంబర్‌లో కళ్ల డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుందట. పని ఇంత బాగా వస్తుంటే ఇక ఎందుకులే అని ఫోన్ చేసి వద్దనేసిందట.

నా చేతిలో కత్తెర ఆగిపోయింది.

జనవరి 18, మధ్యాహ్నం

చెప్తే మనసు విరుగుతుంది. చెప్పకపోతే కళ్లు పోతాయి. మీ అక్కే కదా, మీరు చెప్పండి అన్నాను ఈయనతో. నీకు ఆడపడుచు కాదా, నువ్వే చెప్పు అని మొక్కలకి నీళ్లు పొయ్యడానికి వెళ్లారు. వాటికి పొద్దున్నే పోశారు.

రేపు చెప్తాను.

జనవరి 19

చెప్పలేదు. జలుబుగా ఉంది.

జనవరి 20

చెప్పే అవసరం లేకుండా పోయింది.

బటన్ ఊడిందని నర్సమ్మ ఆ యూనిఫాం మళ్లీ తెచ్చి ఇచ్చి వెళ్లింది. వదిన ఒళ్లో వేసుకుని అలవాటుగా అంచు మీద బొటనవేలు నడిపింది. చివర్లో వేలు ఆగింది. కుట్టు ముగించేటప్పుడు ఆవిడ సూదికి దారం మూడు చుట్లు చుట్టి ముడి వేస్తుంది. నేను రెండే చుడతాను. దానికి ఇరవై రెండేళ్లుగా తిడుతూనే ఉంది, నా బద్ధకం మారలేదు. ఆవిడ కళ్ల సంగతే ఆలోచించాను గానీ ఆ వేలు గుర్తే రాలేదు.

ఎన్ని అని అడిగింది. పదకొండు అన్నాను.

అరవలేదు. ఆ రోజు నర్సమ్మ ముందు అన్నావు చూడు, అదే నయమే అంది. అప్పుడు పని తెలిసిన మనిషినని తిట్టావు, ఇప్పుడేమో పసిపిల్ల వెనకాల బొమ్మలు సర్దినట్టు సర్దుతున్నావంది. వేలికున్న ఇత్తడి తొడుగు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ తొడుగు పట్టుకుని ఏడ్చాను. వదినంటే నాకు ప్రాణం. ఒక్కనాడూ ఆవిడకి చెప్పిన పాపాన పోలేదు.

జనవరి 21

షాపులో ఒక్క మిషన్ చప్పుడే.

జనవరి 23

వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలోనే, వదినా, నువ్వు కుడుతున్న అంచులు వంకరపోతున్నాయి, ఎడమవైపు వేలెడు దిగుతున్నాయి, నీకు సరిగ్గా కనబడటం లేదు, డాక్టర్ దగ్గరికి నేను తీసుకెళ్తాను అని ఒక్క ఊపిరిలో అనేశాను. తీర్మానం గోవిందా.

ఇది చెప్పడానికి ఇన్నాళ్లు పట్టిందా అంది వదిన. లోపలికి రమ్మంది. సూదులకి దారం ఎక్కించేది పక్కింటావిడట, రోజూ పొద్దున్నే నలభై. ఆవిడ ఊరెళ్లిన మూడు రోజులూ వదినకి జ్వరమట. డిసెంబర్‌లో జ్వరమని మూడు రోజులు షాపుకి రాలేదు, దాని సంగతి అదన్నమాట. ఇద్దరం పడీపడీ నవ్వాం. నేను నవ్వుతూనే ఏడ్చాను కూడా.

ఇకనుంచి దారం నేనెక్కిస్తానన్నాను. ముందు ముడి వెయ్యడం నేర్చుకో అంది.

జనవరి 30

రెండు కళ్లకీ శుక్లాలట. వచ్చే నెల ఆపరేషన్. ఇప్పటికైనా వచ్చారు, ఫరవాలేదన్నారు డాక్టర్. దిగేటప్పుడు వదిన నా చెయ్యి పట్టుకుంది, మెట్లు కనబడటం లేదని. మెట్లు అయిపోయాక కూడా వదల్లేదు.

ఫిబ్రవరి 8

నా కోటు జేబు అడుగు చిరిగి ఏడాదైంది, చెయ్యి పెడితే కిందికి జారిపోతుంది. ఇవాళ వేసుకుంటే చెయ్యి జేబులోనే ఆగింది. లోపల తడిమి చూశాను. మూడు చుట్లు.

కుట్టు వంకరగా ఉందని రేపు వదినకి చెప్తాను. విప్పను మాత్రం.